కార్టర్ ఖాతా తిరగేద్దాం: మాజీ అధ్యక్షుడి ఆర్థిక వారసత్వాన్ని అంచనా కట్టడం ఎలా?

2024 డిసెంబర్ 29న అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ అక్షరాలా నూరేళ్లు నిండి కన్నుమూశారు. ఆ వారం వచ్చిన నివాళుల్లో చాలావాటి తీరు ఒకటే: మంచి మనిషి, శాంతికాముకుడు, కానీ ఆర్థిక వ్యవస్థ ఆయన చేతికి లొంగలేదు. ఆ ‘కానీ’ తరువాతి మాటను ఎవరూ తిరిగి తూకం వేయరు. ఒకసారి అచ్చయిన అభిప్రాయం నలభై అయిదేళ్లు అలా నడిచిపోయింది.

అమెరికా అధ్యక్షుల గురించి మనవాళ్ల ఇళ్లల్లోనూ వాదన తక్కువేమీ కాదు. డాలస్‌లో ఉన్న కొడుకు ఒక పార్టీ, గుంటూరులో ఉన్న తండ్రి ఇంకో పార్టీ. ఆ వాదనలో గెలిపించడం నా పని కాదు. ఏ మాజీ అధ్యక్షుడి ఆర్థిక పద్దునైనా మీరే తేల్చుకునే పద్ధతి చెబుతాను. ఉదాహరణగా కార్టర్‌ను తీసుకున్నాను. ఎందుకంటే పైకి కనిపించే అంకెలకూ లోపలి లెక్కకూ ఇంత తేడా ఉన్న అధ్యక్షులు తక్కువ.

కావలసినవి ఎక్కువేమీ లేవు. ఒక పెద్ద కాగితం, సెయింట్ లూయిస్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఉచితంగా నడిపే ‘ఫ్రెడ్’ గణాంకాల వెబ్‌సైటు, ఒక సెలవు మధ్యాహ్నం.

మొదటి మెట్టు: అంకెలు చూడకముందే ప్రశ్న రాసుకోండి

‘ఆయన పాలన బాగుందా?’ అన్న ప్రశ్నకు జవాబు దొరకదు. దాన్ని మూడు ముక్కలు చేయండి. ఆనాటికి తెలిసిన సమాచారంతో ఆయన తీసుకున్న నిర్ణయాలు సరైనవేనా? ఆయన పదవిలో ఉండగా జనం బతుకు ఎలా ఉంది? ఆయన వెళ్లిపోయాక ఆ నిర్ణయాలు ఏ ఫలితమిచ్చాయి? మూడింటికీ మూడు వేర్వేరు జవాబులు రావచ్చు. కార్టర్ విషయంలో వస్తాయి కూడా.

దేనికి ఎంత బరువు ఇస్తారో కూడా ఇప్పుడే రాసేయండి. అంకెలు చూశాక రాస్తే, మనకు నచ్చిన మనిషికి నచ్చిన కొలబద్ద దొరికేస్తుంది.

రెండో మెట్టు: తొలి నిల్వ

కొత్త పుస్తకం తెరిచేటప్పుడు షావుకారు ముందు రాసేది పాత నిల్వ. 1977 జనవరి 20న కార్టర్ ప్రమాణం చేసేనాటికి ద్రవ్యోల్బణం 5.2 శాతం, నిరుద్యోగం 7.5 శాతం. చూడటానికి మొదటిది ఫర్వాలేదనిపిస్తుంది, రెండోది భయపెడుతుంది. ఆయన కూడా అలాగే చూశారు. అక్కడే మొదటి పొరపాటు జరిగింది.

ఆ 5.2 వెనుక ఉన్నది ఆరిన నిప్పు కాదు, నివురు కప్పిన నిప్పు. 1971 ఆగస్టులో అప్పటి అధ్యక్షుడు నిక్సన్ డాలరుకూ బంగారానికీ ఉన్న ముడి విప్పేశారు, జీతాలనూ ధరలనూ ప్రభుత్వ ఉత్తర్వుతో బిగించారు. బిగింపు వదలగానే ధరలు ఎగిరాయి. 1973లో అరబ్ దేశాల ఆంక్షలతో చమురు పీపా 3 డాలర్ల నుంచి దాదాపు 12 డాలర్లకు చేరింది. 1974 చివరికి ద్రవ్యోల్బణం 12 శాతం దాటింది. నిక్సన్ తరువాత వచ్చిన ఫోర్డ్ హయాంలో అది తగ్గింది నిజమే, కానీ మాంద్యం వల్ల తగ్గింది. ధరలు పెరుగుతూనే ఉంటాయన్న నమ్మకం మాత్రం జనంలో చెక్కుచెదరలేదు. దీనికి తోడు 1973 తరువాత కార్మికుడి ఉత్పాదకత పెరుగుదల మందగించింది.

కాబట్టి తొలి నిల్వలో అంకెలే కాదు, వాటి వెనుక ఉన్న అలవాట్లనూ రాయాలి. అలాగని మొత్తం తప్పును పాతవాళ్ల మీదకు నెట్టకూడదు. నివురు కింద నిప్పు ఉందని చెప్పినవారు ఆనాడూ ఉన్నారు. కార్టర్ మాత్రం మనిషికి 50 డాలర్ల పన్ను వాపసు అంటూ ఉద్దీపన పథకంతో మొదలుపెట్టి, ఆ వాపసును ఏప్రిల్‌లో తానే ఉపసంహరించుకున్నారు. మొదటి మూడు నెలల్లోనే తడబాటు కనిపిస్తుంది.

మూడో మెట్టు: నిర్ణయం తేదీ ఒక పక్క, ఫలితం తేదీ ఇంకో పక్క

ఈ పని మొత్తానికి గుండెకాయ ఇదే. ఓపిక ఉంటే ఇక్కడే ఖర్చు పెట్టండి. కాగితాన్ని నిలువుగా రెండుగా మడవండి. ఎడమ వైపు నిర్ణయం, దాని తేదీ. కుడి వైపు ఫలితం కనిపించిన తేదీ. రెండింటి మధ్య నెలలు కాదు, ఏళ్లు ఉంటాయని మీకే తెలుస్తుంది.

ఎడమ వైపు రాయాల్సిన మొదటి పేరు పాల్ వోల్కర్. 1978లో కార్టర్ అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) పగ్గాలు విలియం మిల్లర్‌కు ఇచ్చారు. ధరలు పరిగెడుతుంటే మిల్లర్ వడ్డీ రేట్లను మెల్లగా నడిపించారు. ఈ నియామకం కార్టర్ ఖర్చు పద్దులో పడాలి, మొహమాటం అక్కర్లేదు. 1979 జులై 15న ‘విశ్వాస సంక్షోభం’ గురించి టెలివిజన్‌లో ప్రసంగించాక మంత్రివర్గాన్ని కదిలించి, మిల్లర్‌ను ఆర్థిక శాఖకు పంపి, ఖాళీ అయిన కుర్చీలో వోల్కర్‌ను కూర్చోబెట్టారు. తాను మిల్లర్ కంటే కఠినంగా ఉంటానని వోల్కర్ ముందే చెప్పారు. తెలిసే పెట్టుకున్నారన్నమాట.

ఆగస్టులో పదవి చేపట్టిన వోల్కర్ అక్టోబర్ 6న, అదీ శనివారం సాయంత్రం, ఫెడ్ పని తీరునే మార్చేశారు. వడ్డీ రేటును పట్టుకుని వేలాడటం మానేసి డబ్బు సరఫరాను బిగిస్తామన్నారు. వడ్డీ ఎక్కడిదాకా పోతే అక్కడిదాకా పోనీ అన్నది దాని అర్థం. 1979 ఆగస్టులో 11 శాతం దరిదాపుల్లో ఉన్న ఫెడ్ రేటు 1981 జనవరికి 19 శాతం దాటింది. ఎన్నికల ఏడాదిలో ఇంత చేదు మందు మింగించే మనిషిని ఏ రాజకీయ నాయకుడూ కోరి తెచ్చుకోడు. ఎన్నికల ముందు కార్టర్ ఒకసారి బహిరంగంగా విసుక్కున్నారు, అంతకు మించి అడ్డుపడలేదు.

ఇక కుడి వైపు చూడండి. ఏడాది సగటు ద్రవ్యోల్బణం 1980లో 13.5 శాతం, 1981లో 10.3, 1982లో 6.2, 1983లో 3.2. మందు కార్టర్ కాలంలో మొదలైంది, జ్వరం దిగింది ఆయన తరువాతి అధ్యక్షుడు రీగన్ కాలంలో. పేరు రీగన్‌కు వచ్చింది.

మరి ఘనతను ఎలా పంచాలి? 1991 సంస్కరణల ఘనత పీవీదా, మన్మోహన్‌దా అని మనం ఇప్పటికీ వాదించుకుంటున్నాం కదా, ఇదీ అలాంటిదే. నేను పాటించే నియమం చెబుతాను. చేసినవాడికి చేసిన పని ఘనత. నియమించినవాడికి ఎంపిక ఘనత, అడ్డుపడనందుకు ఘనత. ఆ తరువాత నొప్పిని భరించి కొనసాగించినవాడికి ఓర్పు ఘనత. ఈ మూడోది రీగన్‌ది. 1982లో కర్మాగారాలు మూతపడుతున్నా ఆయన వోల్కర్‌ను కదిలించలేదు, 1983లో మళ్లీ నియమించారు. అందుకే ఘనత అంతా కార్టర్‌కే కట్టబెట్టేవారి లెక్క కూడా తప్పే.

ఇదే పట్టికలో కార్టర్ తప్పించుకోలేని పంక్తి ఒకటుంది. 1980 మార్చి 14న ఆయన వినియోగదారుల రుణాలపై నియంత్రణలు ప్రకటించారు. ఆంక్షలు నిజానికి అంత పెద్దవి కావు. కానీ అధ్యక్షుడే అప్పు చేయడం దేశానికి మంచిది కాదని చెప్పేసరికి జనం అక్షరాలా పాటించారు. కొందరు క్రెడిట్ కార్డులు కత్తిరించి శ్వేత సౌధానికి పోస్టులో పంపారు. ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఆర్థిక వ్యవస్థ ఏడాదికి దాదాపు 8 శాతం లెక్కన కుంగింది. జులైలో నియంత్రణలు ఎత్తేశారు. ఇక్కడ నిర్ణయానికీ ఫలితానికీ మధ్య వారాలే. ఈ దెబ్బను చమురు మీదకో నిక్సన్ మీదకో నెట్టడానికి వీల్లేదు.

నాలుగో మెట్టు: తాళం ఎవరి దగ్గర ఉంది?

మన రాష్ట్రపతిని చూసిన కళ్లతో అమెరికా అధ్యక్షుడిని చూస్తే ఆయన సర్వశక్తిమంతుడిలా కనిపిస్తాడు. (కార్టర్ 1978 జనవరిలో ఢిల్లీ వచ్చినప్పుడు మన రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి. వేరుశనగ పండించే ప్లెయిన్స్ నుంచి వచ్చిన రైతు ఒకరు, వేరుశనగ పండించే అనంతపురం జిల్లా నుంచి వచ్చిన నాయకుడు మరొకరు. ఇద్దరి పదవి పేరు ఇంగ్లిషులో ఒకటే, అధికారాలకు మాత్రం పోలిక లేదు.) అయితే అక్కడ కూడా పన్నులు, ఖర్చులు చట్టసభ చేతిలో ఉంటాయి. వడ్డీ రేట్లు ఫెడ్ చేతిలో. చమురు ధర ఎవరి చేతిలోనూ ఉండదు.

ప్రతి పెద్ద సంఘటన పక్కనా ఒక గుర్తు పెట్టండి: ఆయన చేసింది, ఆయన ఒప్పించి చేయించింది, ఆయనకు జరిగింది. 1979 ఇరాన్ విప్లవం మూడో రకం. చమురు ధర రెట్టింపు దాటింది, పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరాయి.

అదృష్టం వాటా చిన్నదేమీ కాదు. ప్రిన్స్‌టన్ ఆర్థికవేత్తలు అలన్ బ్లైండర్, మార్క్ వాట్సన్ రెండో ప్రపంచ యుద్ధం తరువాతి అధ్యక్షులను లెక్కగట్టారు. డెమొక్రాట్ల కాలంలో వృద్ధి ఏటా 1.8 శాతం పాయింట్లు ఎక్కువని తేలింది. అందులో పెద్ద భాగం చమురు ధరలు, ఉత్పాదకత వంటి వాటి పుణ్యమే తప్ప బడ్జెట్ విధానానిదో వడ్డీ విధానానిదో కాదని కూడా తేలింది. రెండో సగాన్ని చెప్పకుండా మొదటి సగాన్ని మాత్రం చెప్పేవారు మీకు చాలామంది తగులుతారు.

బడ్జెట్ దగ్గర ఒక చిన్న జాగ్రత్త. అమెరికా ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది. అంటే 1981 సెప్టెంబర్ చివరిదాకా నడిచిన బడ్జెట్‌కు మూలం కార్టర్‌దే. ఆ ఏడాది లోటు 79 బిలియన్ డాలర్లు. అంకె పెద్దదిగా ఉన్నా, ప్రజల చేతిలో ఉన్న ప్రభుత్వ రుణం 1977లో జీడీపీలో 27 శాతం, 1980లో పాతికకు కొంచెం పైన. పెరగలేదు, తగ్గింది. ఈ పద్దు మీద ఇంతకంటే ఎక్కువసేపు కూర్చోనక్కర్లేదు.

అయిదో మెట్టు: కొలిచే గొట్టాన్నే కొలవండి

కార్టర్ పేరుతో అతుక్కుపోయిన అంకె 14.8 శాతం. 1980 మార్చి నాటి ద్రవ్యోల్బణం అది. అబద్ధం కాదు. కానీ అప్పటి ధరల సూచీలో ఇంటి కొనుగోలు ధర, ఇంటి రుణం మీది వడ్డీ నేరుగా కలిసి ఉండేవి. అంటే ధరలు తగ్గించడానికి ఫెడ్ వడ్డీ పెంచితే, ఆ పెంపే సూచీని ఇంకా పైకి నెట్టేది. జ్వరానికి మందు వేస్తే జ్వరం కొలిచే గొట్టమే వేడెక్కినట్లు. 1983 జనవరిలో ఆ పద్ధతి మార్చి, సొంత ఇంటికి అద్దె కడితే ఎంతవుతుందన్న లెక్క తెచ్చారు. నేటి పద్ధతితో కొలిస్తే 1980 శిఖరం కొన్ని శాతం పాయింట్లు తగ్గుతుంది. 2022 ద్రవ్యోల్బణాన్ని 1980తో పోల్చే ప్రతి వ్యాసాన్నీ ఈ ఒక్క విషయం పట్టుకుని పరీక్షించవచ్చు.

సూచీ సంగతి పక్కన పెట్టినా, పెట్రోలు, తిండి ధరలు నిజంగానే కాల్చాయి. జీతాల పెరుగుదల ధరల వెనుక పడింది. గంట కూలి విలువ నికరంగా తగ్గింది.

తరువాతది దుస్థితి సూచీ. నిరుద్యోగాన్నీ ద్రవ్యోల్బణాన్నీ కూడితే వచ్చే అంకె. 1976లో ఫోర్డ్ మీద దీన్ని ఆయుధంగా వాడింది కార్టరే, అప్పుడది 13 దరిదాపుల్లో ఉంది. నాలుగేళ్లకు అది 20 దాటి ఆయన మెడకే చుట్టుకుంది. ఎంత కవ్వించే అంకె అయినా నా సలహా ఒకటే: వాడకండి. ఉద్యోగం పోవడం, ధర పెరగడం ఒకే బరువు ఉన్న కష్టాలని అది ఊహించుకుంటుంది. ఉద్యోగం పోయినవాడిని అడిగితే కాదంటాడు.

మొదటి రోజును, చివరి రోజును మాత్రమే పోల్చడమూ ప్రమాదమే. 1977 జనవరిలో నిరుద్యోగం 7.5 శాతం, 1981 జనవరిలోనూ 7.5 శాతం. అంటే నాలుగేళ్లలో ఏమీ జరగలేదా? మధ్యలో 1979 మేలో అది 5.6కు దిగింది, 1980 మాంద్యంలో మళ్లీ ఎక్కింది. ఆ నాలుగేళ్లలో ఉద్యోగాల సంఖ్య కోటికి పైగా పెరిగింది. ఒక్క విడత పాలనకు అది చాలా పెద్ద పెరుగుదల. యుద్ధానంతరం పుట్టిన తరం, ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో పనిలోకి వచ్చిన కాలమది. కాబట్టి కోటి ఉద్యోగాలు ఆయన సృష్టించారనడం ఎంత అతిశయమో, ఏమీ జరగలేదనడం అంతే.

ఫ్రెడ్‌లో గీతలు గీసేటప్పుడు డాలర్ల అంకెలను ద్రవ్యోల్బణం తీసేసిన రూపంలోనే చూడండి. ముఖ్యంగా డెబ్బైల దశకంలో, లేకపోతే వాపును చూసి బలుపనుకుంటాం. ద్రవ్యోల్బణం తీసేశాక కూడా వృద్ధి 1977లో 4.6 శాతం, 1978లో 5.5 శాతం. 1980లో సున్నా కంటే కిందికి.

ఆరో మెట్టు: ఇరుగుపొరుగును చూడండి

చమురు అందరికీ ఒకేసారి పెరిగింది. 1980లో ద్రవ్యోల్బణం బ్రిటన్‌లో 18 శాతం, జపాన్‌లో 8 శాతానికి కాస్త తక్కువ, పశ్చిమ జర్మనీలో అయిదున్నరకు దగ్గర. మన దేశంలో చమురుకు కరువు తోడై 1979-80లో జీడీపీ 5 శాతానికి పైగా పడిపోయింది. బ్రిటన్‌ను చూస్తే కార్టర్ నయం. జర్మనీని చూస్తే చమురు సాకు సగమే నిలుస్తుంది, ఎందుకంటే అక్కడి కేంద్ర బ్యాంకు ముందే బిగించింది. ఒకే దేశాన్ని ఎంచుకుని పోల్చేవారిని నమ్మకండి, వాళ్లు తీర్పు ముందే రాసుకుని పోలిక వెతుక్కుంటారు.

ఏడో మెట్టు: నెమ్మదిగా పండే పద్దులు

వార్తల్లోకి ఎక్కనివి, ఎక్కువ కాలం నిలిచేవి ఇక్కడ ఉంటాయి. 1938 నుంచి అమెరికాలో ఏ విమానం ఎక్కడికి ఎగరాలో, టికెట్ ఎంత ఉండాలో ప్రభుత్వ బోర్డు నిర్ణయించేది. ఆ బోర్డుకు కార్టర్ ఆల్ఫ్రెడ్ కాన్ అనే ఆర్థికవేత్తను అధ్యక్షుడిగా పెట్టారు. 1978 అక్టోబర్ 24న ఆ నియంత్రణలు ఎత్తేసే చట్టం మీద సంతకం పడింది, 1984తో ఆ బోర్డే కనుమరుగైంది. తానున్న కార్యాలయాన్ని మూయించడానికి పాటుపడిన అధికారి ఎక్కడైనా అరుదే. (కాన్ నోటికి అదుపు తక్కువ. ద్రవ్యోల్బణ సలహాదారుగా ఉన్నప్పుడు మహా మాంద్యం రావచ్చని అనేసి చీవాట్లు తిన్నారు. అప్పటి నుంచి ఆ మాట బదులు ‘అరటిపండు’ అనేవారు. ఒక అరటిపండ్ల కంపెనీ అభ్యంతరం చెబితే ఇంకో పండు పేరుకు మారారు.)

1980 జులైలో లారీల రవాణా మీద, అక్టోబర్‌లో రైళ్ల మీద కూడా నియంత్రణలు సడలించారు. 1970లోనే పెన్ సెంట్రల్ రైల్వే దివాలా తీసింది, మిగిలినవీ అదే దారిలో ఉన్నాయి. చార్జీలు తామే నిర్ణయించుకునే స్వేచ్ఛ వచ్చాక సరుకు రైళ్లు నిలదొక్కుకున్నాయి, ద్రవ్యోల్బణం తీసేస్తే చార్జీలు తరువాతి రెండు దశాబ్దాల్లో బాగా తగ్గాయి. నియంత్రణలు ఎత్తేసిన మనిషిగా జనం గుర్తుపెట్టుకున్నది రీగన్‌ను. ఈ సంతకాలన్నీ కార్టర్‌వి. అయితే ఈ పద్దులోనూ భాగస్తులున్నారు. విమానాల మీద 1975లోనే సెనేట్‌లో విచారణలు నడిపింది ఎడ్వర్డ్ కెనెడీ, ఆ దిశలో మొదట కదిలింది ఫోర్డ్ ప్రభుత్వం.

నష్టాలనూ ఇదే పేజీలో రాయండి. లారీ డ్రైవర్ల జీతాలు పడిపోయాయి. బ్రానిఫ్, ఈస్టర్న్, పాన్ ఆమ్ విమాన సంస్థలు ఒకదాని తరువాత ఒకటి నేలకొరిగాయి. పోటీ కోసం చేసిన చట్టం తరువాత విలీనాలు జరిగి జరిగి నేడు ఆకాశంలో అధిక భాగం నాలుగు సంస్థల చేతిలో ఉంది. 1980 మార్చిలో వచ్చిన బ్యాంకింగ్ చట్టం డిపాజిట్ల వడ్డీ మీద పరిమితులు తొలగించడం మొదలుపెట్టి, డిపాజిట్ బీమాను 40 వేల డాలర్ల నుంచి లక్షకు పెంచింది. పొదుపు సంస్థలు ఆ రక్షణ చూసుకుని రిస్కులు చేశాయి. 1982లో రీగన్ సంతకం చేసిన ఇంకో చట్టం తలుపులు పూర్తిగా తెరిచింది. ఆ దశకం చివరికి అవి కుప్పకూలితే పన్ను కట్టేవారికి దాదాపు 124 బిలియన్ డాలర్ల బరువు పడింది. దీన్ని పంచి రాయాలి. నేనైతే మూడో వంతు కార్టర్ వైపు రాస్తాను. మీరు వేరేగా రాయవచ్చు, కారణం మాత్రం పక్కనే ఉండాలి.

కార్ల కంపెనీ క్రైస్లర్‌కు ఇచ్చిన 1.5 బిలియన్ డాలర్ల రుణ హామీ మాత్రం తేలిక పద్దు. కంపెనీ 1983లోనే అప్పు తీర్చేసింది, ప్రభుత్వానికి లాభమే మిగిలింది.

ఎనిమిదో మెట్టు: తీర్పును ఒకే అంకెగా రాయకండి

నా కాగితంలో కార్టర్ ఇలా తేలారు. మొదటి రెండేళ్ల ద్రవ్యోల్బణ విధానం: చెడ్డది, ఈ మాట గట్టిగా చెప్పగలను. వోల్కర్ ఎంపిక: ఆ దశకంలో ఏ అధ్యక్షుడూ చేయనంత పెద్ద మంచి పని, ఇదీ గట్టిగానే. రుణ నియంత్రణలు: చేజేతులా చేసుకున్న గాయం. రవాణా సంస్కరణలు: నికరంగా లాభం, కానీ లాభం ప్రయాణికులకు, నష్టం లారీ డ్రైవర్లకు. ఇంధనం: 1979లో చమురు ధరల మీద నియంత్రణలు అంచెలుగా ఎత్తేయడం మొదలుపెట్టారు, ఫలితం ఎంతన్నది సగం నమ్మకంతోనే చెప్పగలను. ఆనాటి ఓటరు 1980 నవంబర్‌లో ఆయనకు 49 ఎలక్టోరల్ ఓట్లు, రీగన్‌కు 489 ఇచ్చాడు. ఓటరు తన వంటింటి లెక్క చూసి వేశాడు, అందులో తప్పేమీ లేదు.

ఇప్పుడు మీ కాగితం సరిగ్గా ఉందో లేదో చూసే పరీక్ష. పైన కార్టర్ పేరు కొట్టేసి రీగన్ పేరు రాసి, అవే నియమాలతో మళ్లీ నింపండి. మొదటి చిక్కు రెండో ఏడాదిలోనే ఎదురవుతుంది: 1982 డిసెంబర్‌లో నిరుద్యోగం 10.8 శాతం. ద్రవ్యోల్బణం తగ్గిన ఘనతలో వాటాను వోల్కర్ ద్వారా కార్టర్‌కు ఇచ్చిన చేతితోనే, ఈ 10.8లో ఎంత వాటా ఆయన పేరున రాస్తారు?